పాము ఎక్కడుంటుందో తెలిస్తే కాలు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది

నేను పుట్టి పెరిగింది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాల్వ కింద వరి పండే ఊళ్లో. అత్తగారిల్లు, ఉద్యోగం పాలమూరులో, బాలానగర్ దగ్గర. అటు బురద, గట్లు, ఎలుక బొరియలు. ఇటు గుట్టలు, రాళ్లు, పత్తి చేన్లు. సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎంగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. తొలకరి పడ్డదంటే రాత్రిపూట నా ఫోను తలగడ పక్కనే ఉంటుంది. "సిస్టరమ్మా, మా ఆయనకు పురుగు ముట్టింది" అని ఎప్పుడు ఫోనొస్తుందో తెలియదు. పురుగు ముట్టడమంటే పాము కరవడమే.

పుట్టింటి వైపు పాములు వేరు, ఇటు పాములు కొంత వేరు. కాటు పడే తీరు మాత్రం రెండు చోట్లా ఒకటే. చీకట్లో లైటు లేకుండా కాలు వేస్తాం. కంటికి కనపడని చోట చెయ్యి పెడతాం. నేల మీద పడుకుంటాం. నా దగ్గరికి వచ్చిన కేసుల్లో చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది. మూడూ మన చేతిలో ఉన్నవే.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. అందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎక్కువ మంది పోయిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పోయేది ఎక్కువగా పల్లెల్లో, ఇంటిని నడిపే వయసులో ఉన్నవాళ్లే.

ప్రాణం మీదికి తెచ్చేవి నాలుగు

మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ శాతం విషం లేనివే. జెర్రిపోతు, నీరుకట్టె, కొండచిలువ, రెండు తలల పాము అని మనం పిలిచే మట్టిపాము, వీటిలో దేని కాటుకూ మనిషి చావడు. మన వైపు మనుషుల్ని చంపే పాములు ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర.

నాగుపాము ఎలుకల కోసం వస్తుంది. పుట్టల్లో, ఎలుక బొరియల్లో, గడ్డివాముల కింద ఉంటుంది. ఎండాకాలం చివర గుడ్లు పెడుతుంది, దాదాపు రెండు నెలలకు పిల్లలవుతాయి. అంటే సరిగ్గా మనం పొలం పనుల్లో మునిగి ఉన్నప్పుడే పిల్లలు బయటికొస్తాయి. పిల్లపాముకు కూడా పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది. చిన్నదే కదా అని పిల్లలు తోక పట్టి ఆడకుండా చూసుకోవాలి. నాగుపాము పడగ విప్పితే వెళ్లిపొమ్మని చెప్తున్నట్టు. ఆ చెప్పే అవకాశం దానికి ఇస్తే చాలాసార్లు కాటు దాకా రాదు.

రక్తపింజర అలా కాదు, కదలకుండా పడుకునే పాము. ఒళ్లంతా గొలుసు గుండ్లలాంటి మచ్చలు, తల మూడు మూలలుగా ఉంటుంది. ఎండుటాకుల్లో, పత్తి చెట్ల మొదళ్లలో పడుకుంటే పక్కనే నిలబడ్డా కనపడదు. దగ్గరికి పోతే మాత్రం కుక్కర్ విజిల్ పట్టినట్టు బుస కొడుతుంది. దీన్ని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో ఎత్తి కాటు తిన్నవాళ్లు ఉన్నారు. మచ్చల పాము లావుగా, పొట్టిగా కనపడితే అది రక్తపింజరే అనుకుని వెనక్కి జరగండి. అనుమానం తప్పైనా నష్టం లేదు. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్క ఈతలో ఇరవై ముప్పై పిల్లలు మామూలే.

చిన్న పింజర జానెడు, మూరెడు ఉంటుంది, అంతే. అంత చిన్న పాము ఏం చేస్తుందిలే అనుకుంటారు. ఎర్రనేలల్లో, గుట్టల మీద, బండల కింద ఉంటుంది. బెదిరితే చుట్టలు చుట్టుకుని ఒళ్లు ఒకదానికొకటి రాసుకుంటుంది, అప్పుడు గరగరమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినపడ్డ చోట నుంచి చెయ్యి తీసేయాలి. మా పాలమూరు గుట్టల్లో మేకలు కాసేవాళ్లకు, కట్టెలకు పోయేవాళ్లకు దీంతోనే ఎక్కువ పని పడుతుంది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది కట్లపాము. నల్లగా మెరుస్తూ సన్నటి తెల్ల కట్లు ఉంటాయి. పగలంతా ఇటుకల కుప్పల్లోనో, బొరియల్లోనో దాక్కుంటుంది. రాత్రి బల్లుల కోసం, ఎలుకల కోసం, వేరే పాముల కోసం తిరుగుతూ ఇంట్లోకి వస్తుంది. చాప మీద పడుకున్న మనిషి నిద్రలో పక్కకు దొర్లితే దాని మీద పడతాడు. అది కరుస్తుంది. నొప్పి ఉండదు. వాపు ఉండదు. చాలాసార్లు పళ్ల గాటు కూడా కనపడదు. ఆ మనిషి దోమేమోలే అని మళ్లీ నిద్రపోతాడు.

ఒక ఇంట్లో పదో తరగతి పిల్లవాడు తెల్లవారుజామున కడుపునొప్పని లేచాడు. గ్యాసేమోనని వాము నీళ్లు తాగించారు. కాసేపటికి గొంతు పట్టేసినట్టుందన్నాడు. వాళ్లమ్మ లైటు వేసి చూస్తే కళ్లు సగమే తెరుస్తున్నాడు. "బిడ్డ కండ్లు తెరుస్తలేడు సిస్టరమ్మా" అంది ఫోన్‌లో. ముందు రోజు రాత్రి ఎక్కడ పడుకున్నాడని అడిగాను. నేల మీద అని చెప్పింది. వెంటనే 108 పిలిపించాం. పెద్దాసుపత్రిలో రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండి బతికాడు. నేల మీద పడుకున్న మనిషికి పొద్దుగాల కారణం లేకుండా కడుపునొప్పి, రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం కనపడితే, ఒంటి మీద గాటు లేకపోయినా సరే, పాముకాటే అనుకుని బయల్దేరాలి.

ఇంట్లో

మంచం మీద పడుకోండి. వీలుంటే దోమతెర కట్టండి. రెండూ చెప్పడానికి చిన్న విషయాలే. కట్లపాము నుంచి వీటిని మించిన రక్షణ ఇంకోటి నాకు తెలియదు. దోమతెర వేలాడదీస్తే సరిపోదు. నాలుగు వైపులా అంచును పరుపు కిందికో చాప కిందికో లోపలికి మడిచి దోపాలి. నేల మీద పడుకోక తప్పనివాళ్లు, వలస పోయి గుడిసెల్లో ఉండేవాళ్లు, కూలి పనికి వచ్చి బడి వరండాల్లో పడుకునేవాళ్లు చాప చుట్టూ ఇలా దోపుకుని పడుకోవాలి. లోపలికి దూరే ముందు టార్చి వేసి ఒకసారి చూసుకోవాలి. పడుకున్నాక దుప్పటి గాని, చెయ్యి గాని తెర బయటికి రాకూడదు.

పాము మన ఇంటికొచ్చేది తిండి కోసం. వడ్ల బస్తాలు, పల్లికాయ మూటలు గోడకు ఆనించి నేల మీద పెడితే ఎలుకలు చేరతాయి, ఎలుకల వెంట పాము వస్తుంది. బస్తాల కింద చెక్కలో రాళ్లో పెట్టి ఎత్తు చేయండి, గోడకు కొంచెం ఎడం ఉంచండి. కోళ్ల గూడు పడక గదికి ఆనుకుని ఉండొద్దు. గుడ్లకు, పిల్లలకు పాములు వస్తాయి. కట్టెల మోపులు, పిడకల కుప్ప, మిగిలిన ఇటుకలు, షాబాద్ బండల ముక్కలు ఇంటి గోడ దగ్గర పేర్చొద్దు. పిడకలు తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించి, తర్వాత చెయ్యి పెట్టాలి. నాకు తెలిసిన ఒక పెద్దమ్మ ఇప్పటికీ పొయ్యి దగ్గర చిన్న ఇనుప కొక్కెం పెట్టుకుని దాంతోనే పిడక లాగుతుంది. ఎంత మంచి అలవాటో.

తలుపు కింద సందు ఉంటే రాత్రి పాత గోనెసంచి చుట్టి అడ్డం పెట్టండి. స్నానాల గది తూముకు జాలీ బిగించండి. బయటి చెప్పులు, పిల్లల బూట్లు, బండి హెల్మెట్ దులిపి చూసి వేసుకోవాలి. రాత్రి ఒంటికో రెంటికో బయటికి పోయేవాళ్లు టార్చి లేకుండా గడప దాటొద్దు. ఫోన్‌లో లైటు ఉన్నా దాన్ని జేబులో పెట్టుకుని చీకట్లో నడిచేవాళ్లను రోజూ చూస్తాను.

ఇంటి చుట్టూ ఫినాయిల్ చల్లితే, వెల్లుల్లి నూరి పోస్తే, మార్కెట్లో దొరికే పొడి వేస్తే పాములు రావనుకోవడం నమ్మదగింది కాదు. ఆ డబ్బుతో ఒక దోమతెర కొనండి.

పొలంలో, గుట్ట మీద

పాముకు మనలాగా బయటి చెవులు లేవు. నేల అదురును బాగా పసిగడుతుంది. గట్టు మీద నడిచేటప్పుడు కర్రతో ముందు నేలను తట్టుకుంటూ, అడుగు గట్టిగా వేస్తూ పోతే చాలా పాములు వాటంతటవే తప్పుకుంటాయి. రక్తపింజర మాత్రం తప్పుకోదు, దానికి లైటూ బూట్లే దిక్కు. రాత్రి నీళ్లు పెట్టడానికి పోయేవాళ్లకు మోకాలి దాకా వచ్చే గమ్‌బూట్లు తప్పనిసరని నా అభిప్రాయం. పురుగుమందుకు ఒక విడతలో పెట్టే ఖర్చులో అవి వస్తాయి. స్టార్టర్ డబ్బా తలుపు నేరుగా చేత్తో లాగొద్దు. కర్రతో తెరిచి, లైటు వేసి లోపల చూసి, అప్పుడు మీట నొక్కాలి. వెచ్చగా ఉంటుందని బల్లులు, వాటి కోసం పాములు అందులో దూరుతుంటాయి.

పత్తి ఏరేటప్పుడు ఆడవాళ్లం వంగి, కింది కొమ్మల్లోకి చెయ్యి దూరుస్తాం. కాలికి చెప్పులు కూడా ఉండవు. సాలులోకి దిగే ముందు కర్రతో చెట్ల మొదళ్లు ఒకసారి తట్టుకుంటూ పోవాలి. నేల మీద రాలిన పత్తిని చూసి తీయాలి, తడిమి తీయొద్దు. గడ్డి కోసేటప్పుడు ఎడమ చేత్తో గుప్పిట పట్టి కుడిచేత్తో కొడవలి లాగుతాం కదా, కాటు ఆ ఎడమ చేతికే పడుతుంది. ముందు కొడవలి మొనతో గడ్డిని ఇటూ అటూ కదిలించి, తర్వాతే గుప్పిట పట్టండి. బత్తాయి తోటల్లో పాదులు చేసేవాళ్లూ ఎండుటాకుల్లో చెయ్యి పెట్టకూడదు.

బతుకమ్మ పండుగ రోజుల గురించి విడిగా చెప్పాలి. గునుగు పువ్వు కోసం పిల్లలు చేన్లలోకి, తంగేడు పువ్వు కోసం గుట్టల మీదికి పొద్దు పొడవకముందే పరుగెత్తుతారు. ఎవరు ముందు పోతే వాళ్లకు పువ్వు. కళ్లన్నీ పువ్వు మీదే ఉంటాయి, కాళ్లు తుప్పల్లో ఉంటాయి. వెలుతురు వచ్చాకే పంపండి, చెప్పులు కాదు, బడి బూట్లు తొడగండి. ఒక పెద్ద మనిషి కర్రతో ముందు నడవాలి. సీతాఫలాలు కూడా అప్పుడే వస్తాయి. బాలానగర్ సీతాఫలం రాళ్ల మధ్యే కాస్తుంది, చిన్న పింజర కూడా అక్కడే ఉంటుంది. కింద పడ్డ పండును బండ సందులోంచి చేత్తో తీయొద్దు. కట్టెతో బయటికి దొర్లించండి.

నాగుల పంచమికి నేను కూడా పుట్ట దగ్గరికి పోతాను. పాలు పుట్ట మీద పోసి దండం పెట్టుకుంటాను, కన్నంలో వేలు పెట్టను, పిల్లల్ని పెట్టనివ్వను. పాము పాలు తాగదు. శ్రావణంలో కొన్ని పుట్టల్లో తల్లి నాగు గుడ్లను కనిపెట్టుకుని ఉండొచ్చు. దాని ఇంటి ముందు మనం ఎంత నెమ్మదిగా ఉంటే అంత భక్తి.

పాము ఎదురైతే

అడుగు వెనక్కి వేయండి, అంతే. దాని ఒంటి పొడవుకు రెండింతల దూరం ఉంటే అది మనల్ని అందుకోలేదు. ఇంట్లో కనపడితే పిల్లల్ని, కోళ్లను, కుక్కను బయటికి పంపి, ఒక మనిషి దూరం నుంచి దాని మీద చూపు నిలిపి ఉంచాలి. మిగతా గదుల తలుపులు మూసి, బయటికి పోయే దారి ఒకటి తెరిచి ఉంచితే తరచూ అదే పోతుంది. పోకపోతే అటవీశాఖ వాళ్లకు గాని, పాములు పట్టడంలో శిక్షణ ఉన్నవాళ్లకు గాని ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఈ పనే చేస్తుంది. వాన పడకముందే మీ వైపు ఎవరు వస్తారో కనుక్కుని నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. చంపొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం అన్నది ఒక సంగతి. చంపడానికి దగ్గరికి పోయి కాటు తినేవాళ్లు ఉన్నారన్నది అంతకన్నా పెద్ద సంగతి. తల తెగిన పాము కూడా కొంతసేపటి దాకా కరవగలదు, చచ్చిన పామని చేత్తో ఎత్తొద్దు.

కాటు పడ్డాక

మొదటి పని టైము చూసుకోవడం. రెండోది 108కి ఫోన్. ఆ మనిషిని నడవనివ్వొద్దు, పరుగెత్తనివ్వొద్దు, ఉన్నచోటే కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి. ఉంగరాలు, గాజులు, మట్టెలు, పట్టగొలుసులు, కాలికి కట్టిన దారం, అన్నీ వెంటనే తీసేయాలి. వాపు వచ్చాక అవే బిగుసుకుని వేలిని చంపుతాయి. కాలికో చేతికో అటూ ఇటూ కర్రగాని గట్టి అట్టగాని పెట్టి, ఎముక విరిగితే కట్టినట్టు, తువ్వాలతో వదులుగా కట్టండి. కదలకుండా ఉండటానికే ఈ కట్టు, రక్తం ఆపడానికి కాదు.

తాడు బిగించి కట్టడం మాత్రం వద్దు. విషం ఆగదు, కాలు చచ్చుబడుతుంది. బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఐసు పెట్టొద్దు, పసరు పోయొద్దు, కల్లూ సారా తాగించొద్దు. రక్తపింజర కాటుకు రక్తం గడ్డ కట్టే గుణం పోతుంది, అప్పుడు కోసిన గాయం నుంచి రక్తం ఆగదు. మీరు చూసేసరికి ఎవరైనా ఇప్పటికే బిగించి కట్టి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పొద్దు, డాక్టరు ముందు విప్పించాలి. వాంతులవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

అంబులెన్సు ఆలస్యమయ్యేలా ఉంటే ఆగొద్దు. కారో ఆటోనో లేకపోతే మోటర్‌సైకిల్ మీదైనా, ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లండి. పెద్ద పట్నానికే పోవాలని దగ్గరి ఆస్పత్రిని దాటిపోవడం మంచిది కాదు. పాముకాటు ఇంజక్షన్ ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలో మొదలుపెట్టించి, వెంటిలేటరో డయాలసిస్సో అవసరమైతే అక్కడి నుంచి పంపిస్తారు. జూన్‌లోనే మీ పీహెచ్‌సీకి పోయి "పాముకాటు ఇంజక్షన్ ఉందా, రాత్రిపూట ఎవరుంటారు?" అని అడిగి తెలుసుకోండి. అడిగే హక్కు మీకుంది.

పామును చంపి సంచిలో తేవాల్సిన పని లేదు. మన దేశంలో వాడే ఇంజక్షన్ ఈ నాలుగు పాముల విషానికీ కలిపి చేసిందే. దూరం నుంచి ఫోటో దొరికితే మంచిదే, దాని కోసం నిమిషం కూడా ఆగొద్దు.

మంత్రం సంగతి. మా ఊళ్లో మంత్రం వేసే పెద్దాయన ఉన్నాడు, నేను ఆయనతో కొట్లాడను. చాలా కాట్లు విషం లేని పాములవే. విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం ఒంట్లోకి ఎక్కదు. అలాంటివాళ్లు మంత్రం వేయించినా బతుకుతారు, వేయించకపోయినా బతుకుతారు. విషం ఎక్కినవాళ్లకు మాత్రం ఆ గంట తిరిగి రాదు. "కాకా, మొదట అంబులెన్సు ఎక్కియ్యి, మంత్రం తొవ్వల చదువు" అని అడిగాను. ఇప్పుడు ఆయనే తన గడప దగ్గరికి వచ్చినవాళ్లను నా దగ్గరికి తోలుతున్నాడు. ఆయన మాట వల్ల బతికినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు.

ఆస్పత్రిలో ఏం చేస్తారో తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత గొట్టాన్ని మెల్లగా వంచుతారు. గడ్డ కట్టి కదలకుండా ఉంటే సరే. వంచగానే జారిపోతే పింజర విషం పనిచేస్తోందని అర్థం. ఆ 20 నిమిషాల్లో "ఇంకా ఇంజక్షన్ వేయరేంది" అని సిబ్బంది మీద అరవకండి, ఆ గొట్టాన్ని కదిలించకండి. నాగు, కట్లపాము అయితే రెప్పలు, మాట, ఊపిరి చూసి నిర్ణయిస్తారు. మందు మొదలుపెట్టేటప్పుడు 8 నుంచి 10 సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. చిన్నపిల్లలకు కూడా పెద్దవాళ్లకు ఇచ్చినంతే ఇస్తారు, ఎందుకంటే కరిచేది చిన్నపిల్లల్నని పాము విషం తగ్గించదు. గర్భిణికి కూడా ఇస్తారు, ఇవ్వాలి. ఆ మందు గుర్రాల రక్తం నుంచి తీసింది కాబట్టి కొందరికి దద్దుర్లు, చలి, ఆయాసం వస్తాయి. వెంటనే నర్సుకు చెప్పండి, దానికి విరుగుడు పక్కనే పెట్టుకుని ఉంటారు. ఏ లక్షణం లేకపోయినా 24 గంటలు అక్కడే ఉండాలి. బాగానే ఉన్నాను కదా అని సంతకం పెట్టి వచ్చేయకండి.

ఇంటికొచ్చాక మూత్రం ఎంత వస్తోందో, ఏ రంగులో వస్తోందో వారం పాటు గమనించండి. పింజర విషం కిడ్నీల మీద పడుతుంది. మూత్రం తగ్గినా, ఎర్రగా వచ్చినా, ముఖం ఉబ్బినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా అదే రోజు తిరిగి పోవాలి. నాగుపాము కాటు చోట చర్మం నల్లబడి కుళ్లుతుంటే ఆకు పసరు కట్టకుండా డ్రెస్సింగ్‌కు రండి. వారం రెండు వారాల తర్వాత జ్వరం, కీళ్లనొప్పులు, ఒళ్లంతా దురద వస్తే అది ఆ మందు వల్ల కావచ్చు, మాత్రలతో తగ్గుతుంది. డిశ్చార్జి చీటీ పారేయకుండా తీసుకుని రండి, ఎన్ని సీసాలు ఎక్కించారో అందులోనే రాసి ఉంటుంది.